నీలం నంబరు ప్లేటు మీద పెళ్ళికొడుకు పేరు

పటాన్‌చెరును చూడడానికి ఎవరూ వెళ్ళరు. పని వెతుక్కుంటూ వెళతారు, దొరికితే అక్కడే ఉండిపోతారు. నేను మాత్రం ఒక పెళ్ళికి వెళ్ళాను. ఫిబ్రవరి నెల, గురువారం మొదలు శనివారం వరకు మూడు రోజులు. పెళ్ళికూతురు లావణ్య మా పిన్ని కొడుకు సుబ్బారావు పెద్దమ్మాయి. నేను కాకినాడ రవాణా కార్యాలయంలో వాహనాల రిజిస్ట్రేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. కొత్త ఊరికి వెళితే ఇతరులు గోపురాలు చూస్తారు, నేను బండ్ల నంబరు ప్లేట్లు చూస్తాను. ఈ అలవాటు వల్ల నాకు దక్కిన సుఖం చాలా తక్కువ. సక్రమంగా ఉన్న ప్లేటు నా కంటికి ఆనదు. సక్రమంగా లేనిది కనబడితే అక్కడినుంచి కదలలేను.

పటాన్‌చెరు

బొంబాయి రహదారి పక్కన బస్సు దిగి, సుబ్బారావు వచ్చేదాకా ఒక చాయ్ దుకాణం ముందు నిలబడ్డాను. చాయ్ పదిహేను రూపాయలు. కాకినాడలో పది. అయితే ఇక్కడి గ్లాసులో పాలు చిక్కగా ఉన్నాయి, అంతకంటే చిక్కగా పంచదార ఉంది. తోడుగా ఇచ్చిన బిస్కెట్టులో తీపీ ఉప్పూ రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో తేలేలోగా అయిపోయింది.

ఆ అరగంటలో నా కళ్ళముందు దేశమంతా నడిచింది. మహారాష్ట్ర లారీలు, కర్ణాటక ట్యాంకర్లు, ఎన్నడూ ఈశాన్యం ముఖం చూసి ఉండని నాగాలాండ్ నంబరు బస్సులు. ఒకే సిగ్నలు దగ్గర మూడు కార్లు ఆగితే మొదటిదానిమీద ఏపీ, రెండోదానిమీద టీఎస్, మూడోదానిమీద టీజీ. ముగ్గురూ ఇదే జిల్లావారు, కొన్న కాలం మాత్రమే వేరు. పసుపు ప్లేటు కిరాయి బండి, ఆకుపచ్చ ప్లేటు కరెంటు బండి, పైకి బాణం గుర్తున్న సైనిక వాహనం వరసగా పోయాయి. ఇంతవరకు బాగుంది. తరవాత వచ్చిన ఆటోకు ప్లేటు ఉండవలసిన చోట అమ్మవారి బొమ్మ ఉంది, నంబరు ఆమె పాదాల దగ్గర చీమంత అక్షరాలతో ఉంది. దాని వెనకే వచ్చిన మోటారు సైకిలుకు అసలు ప్లేటే లేదు. "నాన్న దీవెన" అని మాత్రం ఉంది.

సుబ్బారావు స్కూటరు మీద వచ్చాడు. వాళ్ళ నాన్న ప్రభుత్వరంగ కర్మాగారంలో ఉద్యోగానికి గోదావరి ఒడ్డునుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వీడు ఇక్కడే పుట్టి, ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు చూసుకుంటున్నాడు. మా దగ్గర మా మాట, వీధిలో వీధి మాట, కోపం వస్తే రెండూ. నేను ముందుగా చూసింది వాడి ముఖం కాదు, స్కూటరు ప్లేటు.

"ఇదేమిట్రా? ఎస్ మీద రంగు పూసి జీ రాశావు?"

"గవర్నమెంటు మార్చింది కదక్కా. మా ఫ్యాక్టరీ గేటు దగ్గర పెయింటరు యాభై రూపాయలకే రాసిచ్చాడు."

"కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకు మాత్రమేరా కొత్త అక్షరాలు. పాతవాటికి పాతవే. ఇప్పుడు నీ ప్లేటు మీద ఉన్నది ఎవరి నంబరో!"

"మంచిదే కదా. చలానా ఆయనకే పోతది."

పెళ్ళింటి యజమానితో మొదటి నిమిషంలోనే తగువెందుకని సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కాను. చట్టరీత్యా ఆ స్కూటరు లోకంలో లేదు. నడుము నొప్పి మాత్రం చిట్కుల్ చేరేదాకా ఉంది.

చిట్కుల్

చిట్కుల్ ఒకప్పుడు పొలాల ఊరు. ఇప్పుడు గదుల ఊరు. ఫ్యాక్టరీలకు వచ్చే బిహారీలు, ఒడియావాళ్ళు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. మేడ మీద ఆరేసిన యూనిఫారాలను బట్టి ఏ ఇంట్లో ఏ షిఫ్టు వాళ్ళున్నారో సుబ్బారావు భార్య చెప్పగలదు. ఆమె వంటింట్లో మా వైపు పులిహోర, వీధిలో వేసిన పొయ్యి మీద ఈ వైపు బగార అన్నం ఒకేసారి ఉడుకుతున్నాయి. మాకు పెళ్ళి భోజనంలో మాంసం ఉంటే తప్పు. మగపెళ్ళివారికి లేకపోతే తప్పు. రెండు నెలల చర్చల తరవాత రెండు వరుసల బల్లలు వేయడానికి ఒప్పుకున్నారట. ఇంత పెద్ద విషయం తేల్చుకున్నవారు చిన్న విషయం ఒకటి మరిచిపోయారని మరునాటికి గాని తెలియలేదు.

ఆ సాయంత్రం ఎవరిని కదిపినా ఒకటే మాట: పెళ్ళికొడుకు మేనమామది నీలం ప్లేటు. పేరు సత్తయ్య. సొంత ఊరు లక్డారం. హైదరాబాదులో ఒక విదేశీ కాన్సులేటు కారు నడుపుతాడు. పక్కింటి పెద్దాయన నాకు జ్ఞానబోధ చేయబోయాడు.

"నీలం ప్లేటంటే మామూలు గాదమ్మా. టోలు లేదు, సిగ్నలు లేదు. పోలీసోడు సూసిండంటే సలాం గొట్టాలె."

"సిగ్నలు అందరికీ ఉంటుందండీ. టోలు మినహాయింపు దేశ రాయబారి కారుకు, అదీ సీడీ అని ఉంటేనే. కాన్సులేటు వారిది సీసీ. వారు కట్టాలి."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మీ ఆంధ్రల గట్ల ఉంటదేమో."

తెలియనివారికోసం చెబుతున్నాను. దౌత్య వాహనాల ప్లేటు లేత నీలం, అక్షరాలు తెలుపు. మొదట దేశపు సంకేత సంఖ్య, నడుమ సీసీ లేదా సీడీ, చివర క్రమ సంఖ్య. ఆ కారు సంఖ్య నాకు కంఠతా వచ్చినా ఇక్కడ రాయను. రాస్తే ఏ దేశమో తెలిసిపోతుంది, పాపం ఆ దేశం చేసిన తప్పేమీ లేదు.

లక్డారం

శుక్రవారం ఉదయం పెళ్ళిబట్టల పళ్ళెంతో నన్ను మగపెళ్ళివారింటికి పంపారు. లక్డారంలో రోడ్డుకు ఒక పక్క జొన్న చేను, మరో పక్క ఫ్యాక్టరీ ప్రహరీ. దుమ్ము రెండింటికీ సమానం. పెళ్ళికొడుకు నవీన్ తల్లి యాదమ్మ నన్ను చూడగానే "వదినా, కూసో, కూసో" అని కుర్చీ తుడిచి, ఉప్మా పెట్టి, నేను వద్దంటున్న కొద్దీ వడ్డించింది. మా వైపు వద్దంటే రెండుసార్లు బతిమాలి మానేస్తారు. ఇక్కడ వద్దనడం ఆకలికి గుర్తు.

వాకిట్లో పువ్వులతో అలంకరించిన కిరాయి కారు ఉంది. పసుపు ప్లేటు, చక్కటి అక్షరాలు, ఏ లోపమూ లేదు. నేను దానిని మెచ్చుకుంటూ ఉండగానే నల్లటి పెద్ద కారు ఒకటి వచ్చి ఆగింది. ముందు నీలం ప్లేటు. అంతసేపూ గోలగా ఉన్న వాకిలి మొత్తం అటు తిరిగింది.

సత్తయ్య దిగాడు. నలభై అయిదేళ్ళుంటాయి, ఇస్త్రీ చెదరని తెల్ల దుస్తులు. కాన్సులేటు అధికారిణిని ఇస్నాపూర్ దాటాక ఒక ఫ్యాక్టరీ దగ్గర దించి వచ్చాడు. ఆమె సమావేశం రెండింటిదాకా ఉంటుంది, మధ్యలో భోజనం చేసి రమ్మని సెలవిచ్చింది. మేనల్లుడి నుదుట బాసికం కట్టి వెళ్ళిపోదామని అతని లెక్క. పది నిమిషాల పని.

అతను లోపల బాసికం కడుతుండగా బయట కుర్రకారు కిరాయి కారు పువ్వులన్నీ ఒలిచి నల్ల కారుకు తగిలించారు. సత్తయ్య బయటికి వచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"అరే, ఏంది రా గిది! బయటోళ్ళు గిందుల గూసుంటే నా నౌకరి పోతది! ఏడేండ్ల నుంచి కాంట్రాక్టు మీద ఉన్న. వచ్చే నెల పర్మినెంటు చేస్తమన్నరు!"

యాదమ్మ కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. "బయటోడెవడురా? ఒక్కగానొక్క మేనల్లుడు బయటోడా? మామకు నీలం బండి ఉండంగ పోరడు టాక్సీల బోతే ఊరోళ్ళు నా మొకాన ఉమ్మరా?"

"అక్కా, రూలు..."

"రూలట, రూలు. నిన్ను సంకన ఎత్తుకొని పెంచినప్పుడు నాకేం రూలు లేకుండె."

అతను ఆకాశంవైపు చూశాడు. తరవాత నావైపు చూశాడు. నేను ఆడపెళ్ళి తరఫు మనిషిని, నోరు మెదపరాదు. అయినా మెదిపాను. అది పరాయి దేశపు అధికారిక వాహనమని, ఇతరులను ఎక్కించుకోవడం తగదని వివరంగా చెప్పాను. యాదమ్మ శ్రద్ధగా విని, "వదినెకు ఇంకింత ఉప్మా ఏయండి" అంది.

"హాలు దాక. గంతే," అన్నాడు సత్తయ్య నీరసంగా. "జల్దీ దిగాలె."

నేను ప్రాణం పెట్టి చూసుకునే వస్తువు మీద చెయ్యి పడింది ఆ తరవాతే. గుండె ఆకారంలో కత్తిరించిన "నవీన్ వెడ్స్ లావణ్య" కాగితాన్ని ఒక యువకుడు వెనక ప్లేటు మీద సరిగ్గా నడుమ అతికించాడు. సీసీ లేదు, సంఖ్య లేదు. చుట్టూ నీలం అంచు మాత్రం మిగిలింది.

"నంబరు మూసెయ్యడం నేరం బాబూ!"

"నంబరెవరు సూస్తరాంటీ? కలర్ సూస్తరు. కలర్ కనవడుతుంది గద."

పువ్వులు ఊడిన కిరాయి కారులో, డ్రైవరు మూతి ముడుచుకుని ఉండగా, నేను వెనక వెళ్ళాను. దారిలో ఇద్దరు ట్రాఫిక్ పోలీసులు నిలబడి ఉన్నారు. నీలం రంగు చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు. దాని వెనకే వెళ్ళిన మా కారును ఆపి కాగితాలు అడిగారు. అన్నీ ఉన్నాయి.

ఫంక్షన్ హాలు ముందు

ముహూర్తం పన్నెండున్నరకు. పదకొండుకు ముందే హాలు గేటు దగ్గర ఉన్నాం. డప్పులు మోగుతున్నాయి, కారు ఆగింది, అందరూ దిగారు. పెళ్ళికొడుకు దిగలేదు.

మరిచిపోయిన చిన్న విషయం ఇదే. ఎదురు సన్నాహం మా వైపూ ఉంది. పెళ్ళికూతురి తండ్రో బాబాయో పానకం ఇచ్చి లోపలికి తీసుకువెళతారు. మగపెళ్ళివారి ఆచారంలో బావమరిది వచ్చి నోరు తీపి చేసి, చెయ్యి పట్టుకుని దించితేగాని పెళ్ళికొడుకు బండి దిగి నేలమీద కాలు పెట్టకూడదు. లావణ్యకు అన్నదమ్ములు లేరు. సుబ్బారావు ఆ స్థానంలో తన తోడల్లుడి కొడుకును అనుకున్నాడట. ఆ అబ్బాయి విజయవాడ నుంచి వస్తూ అవుటర్ రింగు రోడ్డు మీద ఉన్నాడు.

"ముత్తంగి దగ్గర రింగు రోడ్డు దిగుతున్నాడంట, పది నిమిషాలు," అన్నాడు సుబ్బారావు.

అరగంట తరవాత కూడా అతను ముత్తంగి దగ్గరే దిగుతున్నాడు.

"నేనే దించుతా, రా బాబూ," అని సుబ్బారావు కారు తలుపు తీయబోతే యాదమ్మ అడ్డం నిలిచింది. "నువ్వు పిల్లనిచ్చే మామవు. నువ్వు దించితే ఎట్లా అన్నా? పోరడు కాలు కింద బెట్టొద్దు."

కారులో నవీన్ చెమటలో తడిసి, బాసికం ముక్కు మీదికి జారి, ఎటూ చూడలేక నిటారుగా కూర్చుని ఉన్నాడు. స్టీరింగు ముందు సత్తయ్య అంతకంటే తడిసి ఉన్నాడు. అప్పుడు అతని ఫోను మోగింది. విని పెట్టేసి, వెనక్కి తిరిగాడు.

"మీటింగు ఖతమైందట. మేడం గేటు కాడ నిలబడ్డదట. అరే నవీనూ, నీ కాళ్ళు మొక్కుత, దిగురా!"

"అమ్మ ఒద్దంటుంది గద మామా."

"ఇరవై నిమిషాలు. నిన్ను తెచ్చి మళ్ళ గీడనే ఇడిసిపెడత," అని సత్తయ్య ఇంజను తిప్పాడు. సుబ్బారావు ముందు తలుపు తీసి నన్ను లోపలికి నెట్టాడు. "అక్కా, నువ్వు వెళ్ళు. నీకు ఇంగ్లీషు వచ్చు, ఆ ప్లేట్ల చట్టాలూ వచ్చు. ఆవిడతో మాట్లాడు."

నిబంధన ప్రకారం ఆ కారులో ఉండకూడనివారు అప్పటికి ఒకరు. నేను ఎక్కాక ఇద్దరయ్యారు.

పారిశ్రామికవాడ గేటు

ఇస్నాపూర్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఫ్యాక్టరీ గొట్టాలు, గేట్లు, గేటు గేటుకూ ఒక టీ బండి. గాలిలో మందుబిళ్ళ నాలుక మీద కరిగినప్పటి చేదు. మా వెనకే కిరాయి కారులో కుర్రకారు వస్తున్నారు. సెక్యూరిటీవాళ్ళు నీలం ప్లేటు చూసి బూట్లు టకటకలాడించి సెల్యూట్ చేశారు. సెల్యూట్ అందుకున్నది వెనక సీట్లో ఉన్న నవీన్. పాపం, అతను నమస్కారం పెట్టాడు.

అధికారిణి సన్నగా, పొడవుగా, చేతిలో ఫైలుతో నిలబడి ఉంది. పక్కన ఆమె సహాయకుడు, మన దేశస్థుడే. ఆమె పువ్వులు చూసింది. పెళ్ళికొడుకును చూసింది. చుట్టూ తిరిగి వెనక ప్లేటు దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. ఏం చూస్తుందో నాకు తెలుసు. నేనైనా అక్కడే నిలబడేదాన్ని.

"ఇది ఎవరు చేశారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఆ కాగితం అతికించినవాడు పది అడుగుల దూరంలో కిరాయి కారు దిగి నిలబడి ఉన్నాడు. సత్తయ్య అటువైపు చూడలేదు. "నేనే మేడం," అన్నాడు.

నేను కారు దిగి కలుగజేసుకుని, పెళ్ళి సంగతి, బావమరిది సంగతి చెప్పాను. ఆమె చివరిదాకా విని, ఒక్కొక్క మాటా తూచినట్టు బదులిచ్చింది. ఈ కారులో ఎవరు కూర్చోవచ్చో రాతపూర్వకంగా ఉంది. ఇప్పుడు కూర్చున్నవారు అందులో లేరు. ఆయన దిగేదాకా తాను ఎక్కదు. నేను ఆమెను తప్పుపట్టలేను. నా కార్యాలయంలో నేను ఇవే మాటలు రోజుకు అయిదారుసార్లు అంటాను, విన్నవారు నన్ను ఎలా తిట్టుకుంటారో కూడా నాకు తెలుసు.

"దిగు నాయనా," అన్నాను నవీన్‌తో.

అతను కళ్ళనీళ్ళతో తల అడ్డంగా ఊపాడు. "మీ దిక్కోళ్ళు దించాలె అత్తమ్మా. గట్లనే దిగితే అమ్మ జిందగీల మాట్లాడది."

మా దిక్కువాళ్ళు. ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర మా దిక్కువాళ్ళు ఎవరున్నారు? నేను ఒక్కదాన్ని. బావమరిదిని కాను, మగవాణ్ణి కాను, ఈ ఆచారం మీద నాకు నమ్మకమూ లేదు. ముహూర్తానికి ముప్పావుగంట ఉంది. అవతల అధికారిణి వాచీ చూసుకుంటోంది. సత్తయ్య బానెట్ మీద చెయ్యి ఆనించి, జ్వరం వచ్చిన బిడ్డ పక్కన నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

టీ బండివాడి దగ్గర గ్లాసెడు నీళ్ళలో రెండు చెంచాల పంచదార వేయించి, కలిపి తెచ్చాను. మా వంశంలో ఇంతకంటే నాసిరకం పానకం ఎవరూ ఎవరికీ ఇచ్చి ఉండరు. కారు తలుపు తీశాను.

"లావణ్యకు అన్నా తమ్ముడూ లేరు. ఆ స్థానంలో మేనత్తను నేనున్నాను. మా ఇంటి తరఫున నిన్ను పిలుస్తున్నాను. తాగి, చెయ్యి అందుకో."

నవీన్ కుర్రకారు వైపు చూశాడు. వారిలో ఒకడు కొంచెం ఆలోచించి, "మేనత్తంటే నడుస్తది రా. దిగు, దిగు," అన్నాడు. నవీన్ గ్లాసు ఖాళీ చేసి, నా చెయ్యి పట్టుకుని దిగాడు. కుర్రవాళ్ళు ఈలలు వేశారు. సెక్యూరిటీవాడు ఏ నిబంధన కింద చేశాడో తెలియదు గాని మళ్ళీ సెల్యూట్ చేశాడు.

సత్తయ్య ప్లేటు మీది కాగితం పీకబోతే గుండె సగం చిరిగింది, తక్కిన సగం ఊడలేదు. అధికారిణి సహాయకుడితో ఏదో చెప్పింది. అతను తెలుగులో అన్నాడు: "సత్తయ్యా, తాళం ఇటివ్వు. నేను నడుపుతా. నిన్ను పెళ్ళికి పొమ్మంటున్నరు మేడం."

"మళ్ళ ఎప్పుడు రావాలె సార్?"

సహాయకుడు ఆమెవైపు చూశాడు. ఆమె అప్పటికే కారెక్కి ఫైలు తెరిచింది. కారు వెళ్ళిపోయింది, ప్లేటు మీద లావణ్య పేరు సగం మోసుకుంటూ.

పసుపు ప్లేటు కారులో ఎనిమిదిమందిమి కిక్కిరిసి హాలు చేరాము. అది కూడా నేరమే. నేను ఏమీ అనలేదు. మేం చేరేసరికి ఆ విజయవాడ అబ్బాయి గేటు దగ్గర గులాబీదండ పట్టుకుని నిలబడి, ఇంతసేపూ ఎక్కడికి పోయారని మమ్మల్నే నిలదీశాడు. తలంబ్రాలు వేళకే పడ్డాయి. మేనమామ చేయవలసినవన్నీ సత్తయ్య చేశాడు, అడిగినప్పుడల్లా నవ్వాడు. బగార అన్నం, మాంసం కూర బ్రహ్మాండంగా ఉన్నాయని మా వైపు బల్లల మీదివారే లేచి వెళ్ళి తిన్నారు. సత్తయ్య విస్తరి ముందు కూర్చుని, ఫోను పక్కన పెట్టుకుని, ముద్ద కలిపి, అలాగే లేచిపోయాడు.

"సెలవిచ్చిందంటవా అక్కా, తీసేసిందంటవా?" అని నన్ను అడిగాడు.

పొమ్మనడానికి ఎన్ని అర్థాలున్నాయో నేను ఇంగ్లీషులోనూ చెప్పలేకపోయాను.

తిరుగు ప్రయాణం

శనివారం పొద్దున నన్ను పటాన్‌చెరు బస్సు దగ్గర దించడానికి సత్తయ్యే వచ్చాడు. సొంత మోటారు సైకిలు. పాత టీఎస్ ప్లేటు, ఎవరూ దిద్దనిది. ఈ పెళ్ళివారి సొంత బండ్లలో నాకు కనబడ్డ సక్రమమైన ప్లేటు ఇది ఒక్కటే అని చెబితే అతను సంతోషించే స్థితిలో లేడు. రాత్రంతా నిద్రపోలేదని కళ్ళు చెబుతున్నాయి. పిల్లల ఫీజులు, నెలనెలా వచ్చే జీతం, ఏడేళ్ళు, ఇవే మాటలు దారి పొడవునా.

"ఆ కాగితం అతికించింది నువ్వు కాదు కదా. ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఆ పోరడు మొన్ననే ఆ కంపెనీల లేబరుగ జేరిండక్కా. గేటు ముంగటనే ఆని పేరు జెప్తే ఆడు బతుకుతడా?"

బస్సు కనబడుతుండగా అతని ఫోను మోగింది. అతను పక్కకు వెళ్ళి, చెప్పులు విడిచి మాట్లాడాడు. "జీ సార్... జీ... సమజైంది సార్." కండక్టరు నా సంచి లాగుతున్నా నేను ఎక్కలేదు.

సత్తయ్య తిరిగి వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. "సోమవారం రమ్మన్నరు. నౌకరి ఉన్నది. పర్మినెంటు ఈ ఏడు లేదట. నీలం బండి గుంజుకున్నరు. స్టాఫు వ్యాను నడపాలె, తెల్ల ప్లేటుది."

"పోనీలే సత్తయ్యా. గండం గడిచింది." నిజంగానే నాకు ఊపిరి వచ్చినట్టయింది.

"గడిచింది అక్కా." అతను మొహం తుడుచుకుని, నిన్నటినుంచి మొదటిసారిగా మనసారా నవ్వాడు. "అయినా వ్యానే నయం. పన్నెండు సీట్లు. ఏప్రిల్ల మా చిన్నక్క బిడ్డ పెండ్లి ఉన్నది, మనోళ్ళందరు పడతరు."

నేను సంచి అందుకుని బస్సెక్కాను.